ఢిల్లేశ్వరరావు, వయసు నూట ఎనభై

అహ్లోన్, రంగూన్
3 నవంబరు 1988, గురువారం

జయకు,

అమ్మమ్మ కనకరత్నం రాయునది. దీవెనలు ఉత్తరం చివర రాస్తాను, అప్పటికి నా కోపం తగ్గితే.

నిన్ను ఏరు దాటించి దలాలో మీ అప్పలస్వామి మావయ్య ఇంటికి పంపి నలభై రోజులైంది. కాలేజీలకు తాళాలు పడ్డాయి, మా వీధి మొగలో తుపాకులు నిలబడ్డాయి, అవతలి ఒడ్డున ఉంటే పిల్ల క్షేమంగా ఉంటుంది, నాలుగు అక్షరాలు చదువుకుంటుంది అని పంపాను. ఈ నలభై రోజుల్లో నువ్వు రాసిన ఉత్తరాలు రెండు. అందులో ఒకటి గొడుగు పంపమని.

నిన్న ఎండుచేపల సింహాచలమ్మ వచ్చి మీ ఇంటి సంగతులు చెప్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారట. పాచికలు వేస్తారట. ఒకరు తల పట్టుకుంటే ఇంకొకరు బల్ల గుద్దుతారట. మొన్న మీ మావయ్య చచ్చిపోయాడని మిగిలిన ముగ్గురూ తేల్చి చెబితే, ఆయన లేచి వెళ్ళి మళ్ళీ అన్నం పెట్టుకున్నాడట. సింహాచలమ్మ అబద్ధం చెప్పదు. చేపల తూకంలో తప్ప.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లలకు లెక్కలు చెప్పాను. మనుషులు పాచికలు ఎందుకు వేస్తారో నాకు తెలుసు. నీ పెట్టె అడుగున ఉన్న ఆల్జీబ్రా పుస్తకం దుమ్ము పట్టి ఉంటుందని కూడా తెలుసు.

ఇంకో మాట. ఐదుగురు ఒకచోట గుమిగూడితే నేరమని సర్కారు ఆర్డరు వేసింది. మీరు నలుగురు. మీ రాధారాణి అత్త టీ తెచ్చి బల్ల దగ్గర నిలబడితే ఐదుగురు. టీ పెట్టి వెంటనే వంటింట్లోకి వెళ్ళమను.

ఆ నలుగురిలో ఇద్దరు నాకు తెలియనివాళ్ళు. ఎవరు వాళ్ళు? రాత్రిళ్ళు అక్కడే పడుకుంటున్నారా? ఈ దేశంలో సొంత తమ్ముడు ఒక్క రాత్రి నిద్ర చేసినా వార్డు ఆఫీసులో గెస్టు లిస్టులో రాయించాలని నీకు ఉగ్గుపాలతో చెప్పాను. ఆ ఇంట్లో ఎవరు పడుకున్నా పొద్దు గుంకేలోగా పేరు రాయించి, చీటీ తీసుకుని, నాకు తెలియజేయాలి. మీ మావయ్యకు ఇదే సంగతి విడిగా రాశాను, ఎర్ర సిరాతో.

ఇట్లు,
మీ అమ్మమ్మ

తా.క. కోపం తగ్గలేదు.


దలా
4 నవంబరు

అమ్మమ్మకు,

జయ నమస్కారాలు. దీవెనలు లేకపోయినా ఒంట్లో బాగానే ఉంది.

ఇది జూదం కాదు. పందెం లేదు, గెలిచేవాడు లేడు, ఓడేవాడు లేడు. మావయ్య స్నేహితుడు ఓడలో పనిచేస్తాడు. ఆయన సింగపూర్ నుంచి ఒక పెట్టె తెచ్చాడు. అందులో ఇంగ్లీషు పుస్తకం ఒకటి, ఆరు రకాల పాచికలు ఉన్నాయి. ఒకరు కథ చెప్పాలి. అది నేను. మిగతావాళ్ళు ఆ కథలో తలో మనిషి అవుతారు. "ఎదురుగా తాళం వేసిన తలుపు ఉంది" అని నేనంటే, ఏం చేస్తారో వాళ్ళు చెప్పాలి. అది కుదిరిందో లేదో పాచిక చెబుతుంది. అంతే. మంచుకొండ మీది కోటలో ఒక రాక్షసుడు ఊరి గంటను ఎత్తుకుపోయి పెట్టుకున్నాడు. ముగ్గురు దాన్ని తేవడానికి బయలుదేరారు.

పుస్తకంలో పేర్లు మావయ్యకు నోరు తిరగలేదు. అందుకని ఆయనే అందరికీ పేర్లు పెట్టాడు. ఆయన కత్తివీరుడు చంద్రరావు. ఇరవై నాలుగేళ్ళట. అద్దం ఎదురుగా ఉన్నా అలాగే రాశాడు. నువ్వడిగిన ఇద్దరిలో కుర్రాడి పేరు మోజో, అతని మనిషి ఢిల్లేశ్వరరావు, గనుల్లో ఉండే పొట్టి జాతివాడు, తాళాలు తెరుస్తాడు. ఆ జాతి చాలాకాలం బతుకుతుంది, కాబట్టి వయసు నూట ఎనభై. పిల్ల పేరు తీరి, ఆమె మనిషి గంగాభవాని, అడవి జాతి, విల్లు పట్టుకుంటుంది, వయసు రెండు వందల నలభై. ముగ్గురి వివరాల కాగితాలు ఇందులో పెట్టాను. చూసి నువ్వే చెప్పు, ఇది జూదమా అని.

ఒక్కటే చిక్కు, అమ్మమ్మా. ప్రయాణం. మంచుకొండ ఇరవై మూడు రోజుల నడక. రోజుకోసారి పాచిక వెయ్యి, ఒకటి పడితే తోడేళ్ళు అని పుస్తకం చెబుతుంది. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు ఏమీ లేదు. ఆరో రోజు తోడేళ్ళు వచ్చేసరికి చంద్రరావు బల్ల మీద తల పెట్టి గురక పెడుతున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. మోజో, తీరి అన్నాచెల్లెళ్ళు, నాతో చదివేవాళ్ళు. తమ్వేలో మన తెలుగువాళ్ళ పక్కింట్లో పెరిగారు, నాకంటే బాగా "ఏటి, ఎందుకు" అంటారు. ఆగస్టులో సర్కారు మీద తీసిన ఊరేగింపు ముందు మోజో జెండా పట్టుకున్నాడు. సెప్టెంబరులో వాళ్ళ వార్డులో పట్టుకోవాల్సినవాళ్ళ జాబితా కట్టారు. అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అప్పటి నుంచి ఒక ఇంట్లో రెండు రాత్రులు నిద్రపోలేదు. సొంత పేరు గెస్టు లిస్టులో రాయిస్తే వాళ్ళు దొరుకుతారు. రాయించకపోతే ఇంటివాళ్ళు దొరుకుతారు. నీ వెనక గది ఖాళీగానే ఉంది కదా. అహ్లోన్‌లో నీ ఇంటిని ఎవరూ అనుమానించరు. కాదనకు.

నీ మనవరాలు
జయ

తా.క. ఇవన్నీ కాగితం మీద రాస్తావా అని తిడతావని తెలుసు. తెలుగు చదివే పోలీసు ఈ నగరంలో ఉంటే మనవాళ్ళకు ఒక ఉద్యోగం దొరికినట్టే.


అహ్లోన్
6 నవంబరు

జయకు,

అమ్మమ్మ రాయునది.

మొదట గది. కుదరదు. గెస్టు లిస్టులో పేరు లేని మనిషి ఈ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు, పడుకోబోడు. మా వార్డువాళ్ళు శుక్రవారం శుక్రవారం వచ్చి తలలు లెక్కపెడతారు. వాళ్ళ కాగితంలో ఎంతమందో నా ఇంట్లో అంతమంది. ఒక్కరు ఎక్కువైతే ఆ పిల్లలిద్దరూ, వాళ్ళతో నేనూ ఇన్సేన్ జైల్లో ఉంటాం. అప్పుడు వెనక గది నిజంగా ఖాళీ అవుతుంది. మళ్ళీ అడగొద్దు.

ఇక నీ ఆట. జూదం కాదన్నావు, ఒప్పుకున్నాను. అంతకంటే అన్యాయంగా ఉంది. ఇరవై మూడు రోజుల నడకను "ఏమీ లేదు, ఏమీ లేదు, తోడేళ్ళు" అని మూడు మాటల్లో తేల్చినవాడు ఇంటి నుంచి బస్టాండు దాకా కూడా నడిచి ఉండడు. నీకు ఆ పుస్తకం రాసినవాడి చిరునామా తెలిస్తే పంపు.

నలభై రెండులో బాంబులు పడ్డప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ప్రోమ్ నుంచి తౌంగుప్ కనుమ మీదుగా సముద్రం దాకా పంతొమ్మిది రోజులు నడిచాను. ఒక్క తోడేలు రాలేదు. మూడో రోజు కుడి చెప్పు తెగింది. ఆ తెగిన చెప్పు ముందు నీ రాక్షసుడు ఏపాటి? మా అక్క వెంకమ్మ ఇత్తడి బిందె వదలనంది. నాలుగు రోజులు ఆ బిందె గురించి అరుచుకున్నాం. ఐదో రోజు తనే దాన్ని దారి పక్కన పెట్టింది. నీ ఆటలో ఎవరు ఏం మోస్తున్నారో, ఏది పారేస్తారో, ఎవరు వెనకబడితే ఎవరు ఆగుతారో అడిగావా? అడగవు. పాచిక వేస్తావు.

అడవిలో భయం లేదు, జయా. భయమంతా వసారాలో ఉంటుంది. సాయంత్రానికి ఎవరి గుమ్మం ముందో నిలబడాలి. ఎవరు మీరు, ఎక్కడి నుంచి, ఎందుకొచ్చారు అని ఇంటాయన అడుగుతాడు. నిజం చెబితే తరిమేస్తాడేమో. అబద్ధం చెబితే, ఆ అబద్ధం మీకంటే ముందు పక్క ఊరికి నడిచి వెళుతుంది. రేపు అక్కడి ఇంటాయన అదే అడుగుతాడు. నిన్న ఏం చెప్పారో గుర్తుండాలి. ప్రయాణమంటే అది.

మీ మావయ్య నుంచి చీటీ ఇంకా రాలేదు. రేపు సాయంత్రానికి రాయించకపోతే నేనే పడవెక్కి వస్తాను. ఆ మాట వాడికి చదివి వినిపించు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఢిల్లేశ్వరరావు కాగితంలో రాసిన సామాను తూకం కట్టాను. గొడ్డళ్ళు రెండు, సమ్మెట, ఇనుప గొలుసు, అరవై మూరల తాడు, కల్లు పీపా కలిపి ముప్పై ఎనిమిది వీశెలు. మనిషి ఎత్తు నాలుగడుగులు. కొండ ఎక్కడం అటుంచి, కుర్చీలోంచి లేవలేడు. లెక్క కాగితం వెనక వేశాను.


దలా
8 నవంబరు

అమ్మమ్మకు,

జయ నమస్కారాలు. ముందు మంచినీళ్ళు తాగి, తర్వాత ఇది చదువు.

నువ్వు పడవెక్కి వస్తానన్న మాట మావయ్యకు చదివి వినిపించాను. ఆయన అన్నం సగంలో లేచాడు. నీ మాట కాదనలేడు. మోజో, తీరిల పేర్లు రాయించలేడు. పది నిమిషాలు వసారాలో అటూ ఇటూ తిరిగి, చొక్కా వేసుకుని వార్డు ఆఫీసుకు వెళ్ళాడు. గంటకు తిరిగొచ్చి మూడు చీటీలు బల్ల మీద పెట్టాడు. మూడింటి మీదా ముద్ర ఉంది.

చంద్రరావు, ఢిల్లేశ్వరరావు, గంగాభవాని.

ఆట కాగితాలు పట్టుకెళ్ళాడు, అమ్మమ్మా. ఇదేటి మావయ్యా అని నేను అరిస్తే, "మా అమ్మ పేర్లు రాయించమంది. రాయించేను. ఎవురి పేర్లో అమ్మ చెప్పనేదు గదా" అన్నాడు.

అక్కడ జరిగింది ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. గుమాస్తా తల ఎత్తలేదట. వయసు నూట ఎనభై అని చూసి, ఎవడో సున్నా ఎక్కువ పెట్టాడని విసుక్కుని పద్దెనిమిది రాశాడట. రెండు వందల నలభైని ఇరవై నాలుగు చేశాడట. చంద్రరావు ఇరవై నాలుగు అలాగే ఉండిపోయింది, మావయ్యకు అదొక సంతోషం. తాళాలు తెరిచేవాడు అంటే తాళాలు బాగుచేసేవాడు అని దిద్దాడట. గుర్తింపు కార్డులేవీ అని అడిగితే, అర్జీ పెట్టి చాలా ఏళ్ళయింది, ఇంకా రాలేదు అన్నాడట మావయ్య. గుమాస్తా తల ఊపి ముద్ర కొట్టాడట. మన వాళ్ళకు కార్డు లేదంటే ఈ దేశంలో నమ్మనివాడు లేడు.

ఇప్పుడు లేని మనుషులు ముగ్గురు మా ఇంట్లో ఉన్నట్టు సర్కారు దగ్గర ఉంది. గడువు ఏడు రోజులు. పద్నాలుగో తేదీ సాయంత్రానికి వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో అక్కడి వార్డులో చేరినట్టు రాయించాలి. లేకపోతే మనుషుల్ని ఏం చేశావని మావయ్యను పట్టుకెళతారు. ఇక్కడి నుంచి ఎక్కడికి పోతారని గుమాస్తా అడిగితే, మావయ్యకు నోటికి ఒకే ఊరు వచ్చింది. అహ్లోన్, మా అమ్మ దగ్గరికి, అన్నాడట.

మన్నించు. అత్త ఏడుస్తోంది. మావయ్య నీ ఉత్తరం వస్తుందంటే పెరట్లోకి వెళుతున్నాడు.

జయ

తా.క. నువ్వు చెప్పినట్టు ఎవరు ఏం పారేస్తారని అడిగాను. తీరి అద్దం పారెయ్యడానికి గంట తీసుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. లేని అద్దం, అమ్మమ్మా. ఎవరూ నిద్రపోలేదు.


అహ్లోన్
9 నవంబరు

జయకు,

అమ్మమ్మ రాయునది.

మంచినీళ్ళు తాగలేదు. అవసరం రాలేదు. మీ మావయ్యను కన్నది నేనే కాబట్టి ఆశ్చర్యపోలేదు. నాలుగో తరగతిలో వాడు తన బదులు పక్కవాడిని హాజరు పలకమని, ఆ పక్కవాడి పక్కనే కూర్చుని తనూ పలికాడు. ఇప్పుడు నలభై రెండేళ్ళు.

ఆ మూడు చీటీలు చింపొద్దని చెప్పు. సర్కారు ముద్ర ఉన్న కాగితాన్ని ఈ వంశంలో ఎవరూ చింపలేదు. వాడు తెచ్చుకున్న ముప్పు సంగతి వాడు ఆలోచించుకోవాలి. ఏడు రోజులు ఉన్నాయి. గది విషయంలో నా మాట మారలేదు.

ఆట విషయంలో మాత్రం నేను చూస్తూ ఊరుకోను. నడిచినదాన్ని నేను ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి దారిలో ఇరవై మూడు ఊళ్ళు, ఇరవై మూడు వసారాలు నావి. ప్రతి ఇంటి మనిషినీ నేనే. రోజూ సింహాచలమ్మ బుట్టలో చీటీలు పంపుతాను. వాటి మీద ఇంటాయన ప్రశ్నలు ఉంటాయి. మీరు జవాబులు పంపాలి. నా షరతులు విను. పాచికలు పెట్టెలో పెట్టి మూత వెయ్యాలి. "ఢిల్లేశ్వరరావు ఇలా అంటాడు" అని చెప్పకూడదు, "నేను" అనాలి. తెలుగులోనే చెప్పాలి. వాళ్ళు చెప్పినవి వాళ్ళ దగ్గర ఏ కాగితం మీదా ఉండకూడదు, తలలో ఉండాలి. ప్రశ్న చదవగానే జవాబు రావాలి. సింహాచలమ్మ పదంకెలు లెక్కపెడుతుంది. ఆమెకు పది దాకా తప్పులేకుండా వచ్చు, నేను పరీక్షించాను.

మొదటి ఊరు, విధవరాలి ఇల్లు. ఆమె గంగాభవానిని అడుగుతుంది: విల్లు పట్టే పిల్లవు, చేతులు ఇంత మెత్తగా ఉన్నాయేం? రెండో ఊరు, రేవు కాపలావాడు. ఢిల్లేశ్వరరావును అడుగుతాడు: మీ నాన్న పేరేమిటి, ఏం పని చేసేవాడు, ఎప్పుడు పోయాడు? ఇద్దరూ అన్నాచెల్లెళ్ళా, అయితే ఆ పిల్ల నీకంటే పెద్దగా ఉందేం?

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. రాక్షసులు లేకుండా ఆట ఉండదని నువ్వు వాదిస్తావు. అందుకని ఎనిమిదో ఊళ్ళో మాట్లాడే ఎలుగుబంటిని పెట్టాను. అది వంతెన మీద కూర్చుంటుంది. కొరకదు. మీ పెదనాన్న ఏ వీధిలో ఉంటాడు, ఆ వీధికి ఏ బస్సు పోతుంది అని అడుగుతుంది.


దలా
14 నవంబరు, సోమవారం, ఉదయం

అమ్మమ్మకు,

నమస్కారాలు రాయడానికి నాకు మనసు రావడం లేదు. నీ దగ్గరే నేర్చుకున్నాను.

ఐదు రోజులుగా నీ చీటీలు వస్తూనే ఉన్నాయి. ఇరవై మూడు ఊళ్ళూ దాటాం. ఆట బాగుందా అంటే, ఇంత బాగున్న ఆట నేను చూడలేదు. మంచుకొండ, గంట, రాక్షసుడు ఎవరికీ గుర్తులేవు. ఐదో ఊళ్ళో చంద్రరావు ప్రశ్న అడిగినవాడి మీదల్లా కత్తి దూస్తున్నాడని నువ్వు అతని కాలు విరగ్గొట్టి అక్కడే వదిలించావు. మావయ్య ఒక పూట అలిగి, తర్వాత టీలు అందిస్తున్నాడు. పదకొండో ఊళ్ళో మోజో తండ్రి పేరు మూర్తి అన్నాడు. రెండో ఊళ్ళో బుల్లియ్య అని చెప్పి ఉన్నాడు. నువ్వు వాళ్ళిద్దరినీ మూడు రోజులు గొడ్లపాకలో కట్టేసి తవుడు పెట్టించావు. మోజో నిజంగా అన్నం తినలేకపోయాడు. ఆ రోజు నుంచి అన్నం ముందు, నూతి దగ్గర, ఎక్కడ ఉన్నా అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. ఒక్క తప్పు లేదు.

కానీ అమ్మమ్మా, చోటిచ్చే ఇళ్ళు అయిపోయి, ఆ ఇద్దరూ మూడు రాత్రులుగా పడుకుంటున్నది ఇంట్లో కాదు. మావయ్య బాగుచేస్తున్న పడవలో, తార్పాలిన్ కింద. నిన్న వానకు తీరికి జ్వరం తగిలింది. ఆ జ్వరంతోనే నీ పందొమ్మిదో ఊరి మునసబుకు మామగారి ఊరు పేరు చెప్పింది. మావయ్య గడువు ఈ సాయంత్రంతో సరి. ఆయన దుప్పటి, పళ్ళపొడి మూటకట్టుకుని కూర్చున్నాడు. నీకు రాసిన ప్రతి చీటీలో గది అడిగాను. నువ్వు ప్రతి చీటీలో ఎలుగుబంటిని పంపావు.

మనిషి ముందు, కాగితం తర్వాత అని నీకు ఎవరూ చెప్పలేదా? లేని మనుషుల తూకం కట్టడానికి నీకు తీరిక ఉంది. ఉన్న మనుషులకు చాప పరచడానికి లేదు. మంచుకొండ మీద రాక్షసుడు కూడా గంటనే ఎత్తుకుపోయాడు, పిల్లల్ని వానలో వదలలేదు.

జయ

తా.క. సింహాచలమ్మ ఈ పూట తొందరగా వచ్చింది. బుట్టలో రెండు మాసిన లుంగీలు, ఒక పాత చీర, తాళాల గుత్తి ఉన్నాయి. చేపలు లేవు. ఏటిదని అడిగితే, మీ అమ్మమ్మనే అడుగు అని కసిరింది. నీ దగ్గర పనిచేసేవాళ్ళందరికీ నీ నోరే వస్తుంది.


అహ్లోన్
15 నవంబరు

చిరంజీవి జయకు,

అమ్మమ్మ కనకరత్నం రాయునది.

నీ కోపపు ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. తెచ్చి చేతికిచ్చింది సింహాచలమ్మ కాదు, గంగాభవాని.

ముందు జ్వరం సంగతి. తగ్గింది. మిరియాల కషాయం తాగనని మారాం చేస్తే ముక్కు పట్టుకుని పోశాను.

ఇప్పుడు జరిగింది వరుసగా చెబుతాను. నువ్వు ఉత్తరం మడిచి ఇచ్చాక సింహాచలమ్మ మీ మావయ్య దగ్గర ఆ మూడు చీటీలూ అడిగి తీసుకుని, పడవ దగ్గరికి వెళ్ళి ఇద్దరికీ బట్టలు మార్పించింది. పది గంటల ఫెర్రీ ఎక్కించింది. పన్సొడాన్ రేవులో సైనికులు దిగినవాళ్ళను వరుసలో నిలబెట్టారు. ఒక కుర్రవాడు, మీసం కూడా సరిగా రాలేదట, తుపాకి పట్టుకుని చీటీ చూసి అడిగాడట: ఎవరి ఇంటికి, ఏ వీధి, ఆ వీధికి ఏ బస్సు. గంగాభవాని ఎలుగుబంటికి చెప్పిన జవాబే చెప్పింది. ఇద్దరూ తోబుట్టువులైతే, చెల్లెలిలా ఉన్నదానికి చీటీలో వయసు ఎక్కువ ఉందేమని అడిగాడట. రెండో ఊళ్ళో తేల్చాం కదా, ఆమె అక్కగారని. ఢిల్లేశ్వరరావు అదే అన్నాడు. తండ్రి పేరు అడిగితే బుల్లియ్య అన్నాడు. పదంకెల్లో కాదు, సింహాచలమ్మ నాలుగు లెక్కపెట్టేసరికి వదిలేశారట.

ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోనివ్వకుండా ఇద్దరినీ వార్డు ఆఫీసుకు తీసుకెళ్ళాను. దలా ముద్ర ఉన్న చీటీలు చూపించాను. ఇరవై రెండేళ్ళుగా నా లెక్కలో తప్పు చూడని గుమాస్తా, చీటీలు చదవకుండానే రాసుకున్నాడు. అహ్లోన్‌లో చేరినట్టు దలాకు కబురు వెళ్ళింది. మీ మావయ్యను మూట విప్పుకోమను.

పేరు రాయని మనిషి ఈ ఇంట్లో పడుకోడని చెప్పాను. ఆ మాట మీదే ఉన్నాను. ఇద్దరి పేర్లూ రాసి ఉన్నాయి.

మీ మావయ్య చేసిన పని చదివినప్పుడే ఇది తోచింది. అప్పటికి చేతిలో ముద్ర ఉన్న పేర్లు ఉన్నాయి గాని ఆ పేర్లలో మనుషులు లేరు. పేరు వేసుకుంటే సరిపోదు, రేవులో నాలుక తడబడితే ఇద్దరూ, వాళ్ళతో సింహాచలమ్మా పోతారు. అందుకని ఇరవై మూడు ఊళ్ళు నడిపించాను. నీకు ఎందుకు చెప్పలేదని అడుగుతావు. ఆట అనుకున్నంతసేపు వాళ్ళు నవ్వుతూ జవాబు చెప్పారు. పరీక్ష అని తెలిస్తే భయపడేవారు. నీకు చెబితే నీ ముఖం చూసి వాళ్ళకు తెలిసిపోయేది. నీ ముఖం మీద ఏదీ నిలవదు, ఆరేళ్ళప్పుడు బెల్లం కూడా నిలవలేదు. ఆ మూడు రాత్రుల వాన నా లెక్కలో లేదు. అది నా తప్పు, రాసుకున్నాను.

నా కోపం నీ మీద అనుకున్నావు. అరవై ఎనిమిదేళ్ళదాన్ని, ఇరవై ఏళ్ళ పిల్లదాని మీద ఇంత కోపం ఎందుకు దండగ చేస్తాను. నిన్న సాయంత్రం ఆ పిల్ల నా వంటింట్లో కూర్చుని, నేను పేరేమిటని అడిగితే గంగాభవాని అంది. నేను తలుపు వేసి, ఇక్కడ ఎవరూ లేరు, నీ పేరు చెప్పు అన్నాను. అయినా గంగాభవాని అనే అంది. నేనే అంత బాగా నేర్పాను. కన్నవాళ్ళు పెట్టిన పేరు నోట పలకడానికి ఒక పిల్లకు ధైర్యం చాలకుండా చేసినవాళ్ళ మీద నా కోపం. అది ఈ జన్మకు తగ్గదు. తగ్గించే ఉద్దేశం కూడా లేదు.

చిన్న కోపాలు కూడా ఉన్నాయి. ఢిల్లేశ్వరరావు బియ్యం డబ్బా మూత పెట్టడు. ఒక్క పూటలో రెండుసార్లు చెప్పాను. తాళాలు బాగుచేసేవాడని రాసి ఉంది గదా అని పక్కింటి ఊ తాన్ పొద్దున్నే తుప్పు పట్టిన తాళం ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. ఢిల్లేశ్వరరావు నూనె పోసి దాంతో గంటసేపు కుస్తీ పట్టాడు. తెరుచుకుంది. ఎలా తెరుచుకుందో వాడికే తెలియదు. ఈ వీధిలో ఇంకా ఐదు తాళాలు ఎదురుచూస్తున్నాయి, నువ్వు ఆ ఇంగ్లీషు పుస్తకంలో తాళాల అధ్యాయం ఉంటే రాసి పంపు.

ఇక మిగిలింది ఒక్కటి. మీ మావయ్య రాయించింది ముగ్గురిని. ఇద్దరిని చేర్చి మూడోవాడు ఏడంటే, దలా గుమాస్తా మళ్ళీ మీ ఇంటికి వస్తాడు. అందుకని చంద్రరావు కూడా ఇక్కడికి చేరినట్టు రాయించాను, కాలు బాగాలేదు, ఇంట్లో పడుకున్నాడు అని. వార్డు కాగితంలో నా ఇంట్లో నలుగురు. నా ఇంట్లో ముగ్గురం. శుక్రవారం తలలు లెక్కపెట్టడానికి వస్తారు. లెక్క తప్పితే నేను ఊరుకోను.

కాబట్టి శుక్రవారం లోగా ఒక చంద్రరావును పంపు. ఇరవై నాలుగేళ్ళు, కొంచెం అటూ ఇటూ ఫరవాలేదు. రాత్రికో ఇల్లు మారుతున్నవాళ్ళు నీ కాలేజీలో ఇంకా ఉంటారు. నువ్వు నాకు చెప్పకపోయినా నాకు తెలుసు. నాలుగు ఊళ్ళు నువ్వు నడిపించు, ఎలుగుబంటి ప్రశ్నలు తప్పకుండా అడుగు. రేవు దాటాక మిగతా ఊళ్ళన్నీ నేను ఇక్కడ నడిపిస్తాను. కుంటడం నేర్పు. ఏ కాలో ముందే తేల్చుకుని, ఆ కాలే కుంటమను.

నీకు, మీ అత్తకు దీవెనలు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. మీ మావయ్య తనే చంద్రరావునని చెప్పి బయలుదేరతాడు. ఆపు. వాడికి సొంత పేరు ఉంది, దాంతో బతకడానికి ఇంకా ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈ చాప అది లేనివాళ్ళకు.